అందరూ అరటిపండ్లే

దాగుడుమూతల్లో నన్ను పట్టుకున్న దొంగ ఈ భూమ్మీద పుట్టలేదు. నాకిప్పుడు డెబ్బై మూడేళ్ళు. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో అయిదో తరగతి రెండుసార్లు చదివాను. ఆ రెండేళ్ళూ, దానికి ముందు అయిదేళ్ళూ, చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ పిల్లలు నన్ను పట్టుకోలేక చేతులెత్తేశారు. ఒకసారైతే ఎంత బాగా దాక్కున్నానంటే, నేనెక్కడున్నానో నాకే తెలియక మర్నాటిదాకా అక్కడే ఉండిపోయాను.

ఈ మాట నేను టీ బడ్డీ దగ్గర చెబుతుండగా పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమనిషి విన్నాడు. ఈ కథంతా అందువల్లే వచ్చింది. ఆయన పేరు చిదంబర ప్రసాద్. నూజివీడు పోయే దారిలో, మా ఊరి చివర ఇరవై ఎకరాల మామిడితోట ఉంది. కోతలు సగమయ్యాక దాన్ని పది రోజులకు తీసుకుని, పట్నం పిల్లల కోసం 'అందరమొకటే' అని ఒక వేసవి శిబిరం పెడుతున్నాడు. దానికాయన సంచాలకుడు.

"పున్నయ్యగారూ, పోటీ అనే విషబీజం బాలల మనోక్షేత్రంలో పడకుండా కాపాడటమే మా సంస్థ లక్ష్యం. గ్రామీణ క్రీడా వారసత్వాన్ని అందించగల ఒక సహచరుడి కోసం అన్వేషిస్తున్నాం," అన్నాడు.

"అంటే పిల్లల్ని ఆడించాలా?"

"ఆడించాలి. గెలిపించకూడదు."

"ఓడించొచ్చా?"

ఆయన ఆ సంగతి సమావేశంలో పెట్టి చెబుతానన్నాడు.

మొదటిరోజు అరవైమంది పిల్లలు బస్సుల్లో దిగారు. వాళ్ళను చూసుకోవడానికి పన్నెండుమంది అధికారులు. పిల్లల మధ్య తేడాలు రాకూడదని అందరికీ ఒకే పచ్చ బనీను, అదీ ఒకే సైజు ఇచ్చారు. పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళకు అది బొడ్డు దాకా వచ్చింది. అందరికంటే చిన్నదైన ఒక బుల్లిపిల్లకు మడమల దాకా వచ్చింది. సమానత్వం దాంతో నెరవేరింది.

తర్వాత హాజరు దగ్గర చిక్కొచ్చింది. పేర్లు వరసలో పిలుస్తుంటే చిదంబర ప్రసాద్ చెయ్యెత్తి ఆపించాడు.

"ఆలోచించండి. 'అ' తో మొదలయ్యే బాలుడికి రోజూ మొదటి స్థానం. 'హ' తో మొదలయ్యే బాలుడు బడిలో చేరిన నాటినుంచీ చివరివాడే. పేరే పోటీకి మూలం."

కాబట్టి పేర్లు తీసేశారు. ఆ పూటనుంచి అందరి పేరూ 'మిత్ర'. రిజిస్టరులో అరవై వరసల్లో అరవైసార్లు 'మిత్ర' అని రాశారు. పిలవాల్సి వస్తే 'మిత్రమా' అనాలి. ఒకసారి అంటే అరవైమందీ వచ్చేవాళ్ళు. ఒక్కడితో పనుంటే మిగతా యాభై తొమ్మిది మందికి కూడా అదే పని చెప్పేవాళ్ళు. అందుకని శిబిరంలో మంచినీళ్ళ కుండలు ఎప్పుడూ పొంగి పొర్లుతుండేవి.

ఇక తలలు లెక్కపెట్టాలన్నా ఎవరో ఒకరు ముందుంటారు గదా. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టారు. లెక్కపెట్టే ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో మర్చిపోయి తిరుగుతూనే ఉన్నాడు. ఆ రోజు హాజరు నూట ఎనభై. 'శిబిరానికి ఊహించని స్పందన' అని పై ఆఫీసుకు రాసి పంపారు.

రెండోరోజు పరుగు పందెం. పందెం అనకూడదు, సమష్టి గమనం అనాలి. అందరూ ఒకేసారి గీత దాటాలి. ఎవడైనా అడుగు ముందుంటే మిగతావాళ్ళకోసం ఆగాలి. ఆగినవాడు వెనకబడతాడు కాబట్టి వాడికోసం మళ్ళీ వీళ్ళు ఆగాలి. పొద్దున ఎనిమిదికి బయల్దేరిన పిల్లలు వంద గజాలు దాటలేక భోజనాల వేళకు తిరిగొచ్చారు.

మూడోరోజు తాడు లాగుడు. రెండు జట్లయితే ఒక జట్టు ఓడుతుంది గనక, అరవైమందినీ ఒకేవైపు నిలబెట్టి, తాడు రెండో కొస ఒక ముదురు మామిడిచెట్టుకు కట్టారు. అరగంట లాగారు. చెట్టు కదల్లేదు. "చెట్టు గెలిచిందోయ్" అన్నాడెవడో కుర్రాడు. అధికారుల ముఖాలు పాలిపోయాయి. ఆ సాయంత్రం సమావేశంలో, బయటివాళ్ళు గెలిచినట్టు ఉండకూడదని, చెట్టును కూడా శిబిర సభ్యుడిగా చేర్చుకున్నారు. మర్నాటినుంచి హాజరు అరవై ఒకటి. చెట్టుకో బనీను కూడా కట్టారు. అందరిలోకీ దానికే సరిపోయింది.

నేను మధ్యాహ్నం పూట మామిడికాయలు మగ్గబెట్టే రేకుల షెడ్డులో కూర్చుని నా క్యారియర్ విప్పుకునేవాణ్ణి. నాలుగోరోజు ఆ బుల్లిపిల్ల, మడమల దాకా బనీను తొడుక్కున్నది, వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తాతా, ఆ ఆవకాయ కారంగా ఉంటుందా?"

"ఉంటుంది. కూచో."

ముద్ద కలిపిపెట్టాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా కారం లేదంది. ఎనిమిదేళ్ళుంటాయి. గుడివాడ వాళ్ళమ్మాయి.

"తాతా, దాగుడుమూతలు ఎప్పుడాడిస్తావు?"

"ఆడిద్దాంలే. అంత తొందరేం?"

"మా వీధిలో నేను ఎప్పుడూ అరటిపండే. మా అన్నయ్యలు, పక్కింటి వాళ్ళు, అందరూ దొంగలయ్యారు. నన్ను మాత్రం చెయ్యరు. చిన్నదాన్నంట. ఇక్కడైతే చేస్తారని అమ్మని ఏడ్చి ఒప్పించి వచ్చాను."

చిన్నప్పుడు ఆడి మర్చిపోయిన పెద్దలకోసం చెబుతున్నాను. అరటిపండంటే ఆటలో ఉన్నట్టే ఉంటుంది, లెక్కలో ఉండదు. దొరికినా దొరికినట్టు కాదు. దొరక్కపోయినా ఎవరికీ పట్టదు. దాన్ని దొంగను మాత్రం ఛస్తే చెయ్యరు.

"దొంగవడం ఏమంత గొప్పమ్మా? ఎండలో వెతికి వెతికి చావాలి," అన్నాను.

"వెతికితేనే గదా ఆట." ఇంకో ముద్దకు చెయ్యి చాపింది. "నిన్ను ఎవరూ పట్టుకోలేదంట గదా తాతా?"

"ఎనిమిది ఊళ్ళ పిల్లల వల్ల కాలేదు."

"అసలెవరైనా వెతికారా?"

నేను క్యారియర్ మూత పెట్టేశాను. ఆవకాయ అయిపోయిందని చెప్పాను. తర్వాత ఆ ముఖం చూసి ఉండబట్టలేక, "శిబిరం అయిపోయేలోగా నిన్ను దొంగను చేసే పూచీ నాది," అని మీసం మీద చెయ్యేసి మాటిచ్చాను. నాకు మీసం లేదు. అయినా మాట మాటే.

ఎనిమిదో రోజున నేను దాగుడుమూతల సంగతి ఎత్తితే మూడు గంటలు సమావేశం జరిగింది. సమభావ పర్యవేక్షకురాలు వైదేహి మేడమ్ ముందుగా లేచింది.

"'దొంగ' అనే సంబోధన బాలల ఆత్మగౌరవంపై చెరగని ముద్ర వేస్తుంది."

"పేరు మార్చండమ్మా. పోలీసనండి," అన్నాను.

"అప్పుడు దాక్కున్న యాభై తొమ్మిది మందీ దొంగలవుతారు కదా."

న్యాయంగా ఉంది మరి.

చిదంబర ప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సమస్య మూలంలోకి వెళ్దాం. ముందు దొరికిన బాలుడు ఓడినట్టు భావిస్తాడు. చివర దొరికినవాడు గెలిచినట్టు గర్విస్తాడు. అంటే దోషం దాక్కోవడంలో లేదు, దొరకడంలో ఉంది. దొరకడం అనే ప్రక్రియనే తొలగించాలి."

సర్క్యులర్ తయారైంది. 'క్రీడయందు అందరూ దాగుకొందురు. ఎవరును వెతకరాదు. తద్వారా ఎవరును దొరకరు. అందరికిని సమాన విజయము సిద్ధించును.' పన్నెండుమందీ సంతకాలు చేశారు. ఎవరిదీ మొదటి సంతకం కాకూడదని గుండ్రంగా చేశారు. పదోరోజు పరిశీలనాధికారి వస్తున్నాడు. రాష్ట్రంలో ఉన్న పోటీ లేని శిబిరాలన్నిటికీ ఆ ఏడు పోటీ పెట్టారట. ఆయన ఎదుట ఈ ఆట ప్రదర్శిస్తే మొదటి బహుమతి మనదేనని చిదంబర ప్రసాద్ నమ్మకం.

బుల్లిపిల్లకు నేనే చెప్పాను.

"ఎవరూ వెతకరా తాతా?"

"వెతకరు."

"అంటే అందరం అరటిపండ్లమేనా?"

నేను బనీను కట్టిన చెట్టు వైపు చూశాను.

పదోరోజు పొద్దున తొమ్మిదికి ఈల ఊదారు. అరవైమంది పిల్లలూ పిట్టల్లా ఎగిరిపోయారు. నేను కూడా సహచరుణ్ణి కాబట్టి దాక్కోవాలన్నారు. షెడ్డులో కాయలమీద పరిచే వరిగడ్డి మోకాలెత్తు ఉంది. అందులో దూరాను. బుల్లిపిల్ల షెడ్డు బయట ఖాళీ గంపల వెనక కూర్చుంది. రేకుల సందులోంచి నాకు తోటంతా కనపడుతోంది.

అరగంట పాటు చిదంబర ప్రసాద్ ఆనందానికి అంతులేదు. ఖాళీ మైదానం మధ్య నిలబడి మైకులో, "చూడండి, ఒక్కరు కూడా ముందు లేరు, వెనక లేరు," అన్నాడు. నిజమే. అసలు ఒక్కరూ లేరు.

పది గంటలకు ఉప్మా గంట కొట్టారు. ఎవరూ రాలేదు.

మళ్ళీ కొట్టారు. వైదేహి మేడమ్ మైకు అందుకుంది. "మిత్రమా, క్రీడ ముగిసింది. బయటకు రావచ్చు."

ఒక గుబురుచెట్టులోంచి గొంతు వినిపించింది. "దొంగ ఎవరండీ?"

"దొంగ లేరు మిత్రమా."

"మరి పిలిచేదెవరు?"

ఆవిడ మైకు పక్కన పెట్టేసింది. ఇంకో చెట్టులోంచి ఇంకో గొంతు: "తనంతట తాను బయటికొచ్చినవాడు దొంగవుతాడు మేడమ్. మేం రాం." యాభై తొమ్మిది మందిలో ఒక్కడికీ దొంగవ్వాలని లేదు. ఇరవై ఎకరాల తోట. చెట్లు గొడుగుల్లా నేలదాకా ఒంగి ఉన్నాయి. పన్నెండు గంటలకు పరిశీలనాధికారి. నాలుగు గంటలకు తల్లిదండ్రులు.

వెతకక తప్పదని చిదంబర ప్రసాద్ పదిన్నరకు గ్రహించాడు. కానీ వెతికినవాడు దొంగవుతాడు. పన్నెండుమందిలో ఎవరు ముందు వెతకాలన్నా పోటీయే. అందుకని 'సమష్టి అన్వేషణ బృందం' అని పేరు పెట్టుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, వరసగా తోటలోకి నడిచారు. రెండు చెట్ల మధ్య సందు ఆరడుగులు. పన్నెండుమంది ఒకేసారి పట్టరు. చేతులు వదలకూడదు. కాబట్టి ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ఎటువైపునుంచి వెళ్ళాలో తీర్మానం చేసుకుని, దాన్ని చుట్టుకుని, మళ్ళీ విడదీసుకుంటూ వెళ్ళారు. నాలుగు చెట్లు దాటేసరికి వాళ్ళల్లో వాళ్ళకే ముళ్ళు పడ్డాయి.

అయిదో చెట్టు కింద ఒక కుర్రాడి కాలు దొరికింది. పన్నెండుమందీ ఒక్క గొంతుతో, "దొరికావు మిత్రమా," అన్నారు.

"పేరు చెప్పండి సార్," అన్నాడు వాడు.

"అదే, మిత్ర."

"అది అందరి పేరూను. దొరికినవాడి పేరు సరిగ్గా చెప్పాలి సార్. తప్పు చెబితే మళ్ళీ మీరే దొంగ." కాలు లోపలికి లాక్కున్నాడు.

ఒకాయన రిజిస్టరు తెప్పించాడు. అరవై వరసల్లో అరవై మిత్రలు. పది రోజులుగా ఈ పిల్లలకు ఉప్మా పెట్టి, పాటలు నేర్పి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగిన పన్నెండుమందికి ఒక్క పిల్లవాడి పేరు తెలియదు.

అప్పుడు జీపు వచ్చింది. చిదంబర ప్రసాద్, వైదేహి మేడమ్ ఎలాగో చేతులు విడిపించుకుని మైదానంలోకి పరుగెత్తారు. పరిశీలనాధికారి దిగి, కాగితం తీసి, "సభ్యులెంతమంది?" అన్నాడు.

"అరవై ఒకటి," అన్నాడు చిదంబర ప్రసాద్.

"హాజరైంది?"

మైదానంలో బనీను తొడుక్కుని ఒక చెట్టు నిలబడి ఉంది. "ఒకరు," అన్నాడు.

గడ్డిలో పడుకుని నేను నవ్వుకుంటున్నాను గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. గడ్డి వాసన అలాంటిది. ఇంతకాలం దాచినమాట ఇక్కడ చెప్పేస్తే పోతుంది. ఎనిమిది ఊళ్ళ పిల్లలు నన్ను పట్టుకోలేకపోయారన్నాను చూశారా, అందులో ఏడు ఊళ్ళు నేను కలిపినవి. మా ఊరి పిల్లలు కూడా పట్టుకోలేక కాదు. నేను మా వీధికి అరటిపండును. పొట్టివాణ్ణి, ముక్కు కారుతుండేది, పరిగెడితే పడేవాణ్ణి. ఒకసారి గడ్డివాములో దూరి, నన్నెవరూ కనుక్కోలేరని మురిసిపోతూ పొద్దుపోయేదాకా కూర్చున్నాను. ఆట ఎప్పుడో అయిపోయిందట. చివరికి మా అమ్మ వీధివీధీ తిరిగి, పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చి, నన్ను గడ్డిలోంచి లాగింది. నేను మాత్రం ఆ రోజునుంచీ దొరకనివాణ్ణని చెప్పుకుంటున్నాను. అబద్ధం కాదు గదా.

ఇదంతా తలచుకుంటుండగా గంపలు కదిలాయి. బుల్లిపిల్ల తనంతట తాను లేచి, బనీను కాళ్ళకు అడ్డం పడకుండా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, ఎండలో మైదానం మధ్యకు నడిచింది.

"సార్, నేను దొంగనవుతాను."

"మిత్రమా, అలాంటి మాట నువ్వు..." అంటూ చిదంబర ప్రసాద్ పరిశీలనాధికారి వైపు చూశాడు.

గుబురుచెట్టులోంచి కేక వచ్చింది. "నువ్వు చిన్నపిల్లవి. అరటిపండువి. చెల్లదు."

"పది రోజుల్నుంచి అందరం అరటిపండ్లమే," అంది ఆ పిల్ల తలెత్తకుండా. "నా అంతట నేను బయటికొచ్చాను. చెల్లుతుంది."

చెట్టు కాసేపు ఆలోచించుకుంది. "సరే. చెల్లుతుంది. సార్ చెప్పాలి మరి."

"చెప్పండి సార్. నన్ను దొంగ అనండి."

వైదేహి మేడమ్ 'ఆత్మగౌరవం' అని గొణిగింది. పరిశీలనాధికారి గడియారం చూసుకున్నాడు. చిదంబర ప్రసాద్ నుదురు తుడుచుకుని, మైకు పట్టుకుని, వంగి అడిగాడు.

"నీ పేరేంటమ్మా?"

"ఇందుజ."

నా క్యారియర్లో వారం రోజులు ఆవకాయ తిన్న పిల్ల పేరు నాకూ అప్పుడే తెలిసింది.

"ఇందుజ దొంగ," అన్నాడాయన. వినపడలేదని చెట్లన్నీ అన్నాయి. మళ్ళీ అన్నాడు. మూడోసారి ఎంత గట్టిగా అన్నాడంటే, మా ఊళ్ళో టీ బడ్డీవాడు పరుగెత్తి వెళ్ళి గల్లాపెట్టెకు తాళం వేసుకున్నాడు.

ఇందుజ బనీను చెట్టుకు ముఖం ఆనించి, కళ్ళు మూసుకుని, వందదాకా ఒక్క అంకె మింగకుండా లెక్కపెట్టింది. కళ్ళు తెరిచి, ముందుగా చెట్టును తట్టి, "చిన్నరసం, దొరికావు," అంది. వారం రోజులుగా దాన్ని కూడా మిత్ర అనే పిలిచారు. అది చిన్నరసాల చెట్టని అధికారులకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మొదలైంది వేట. లెక్కలోకి రాని పిల్లకు ఆటలో చూడటం తప్ప వేరే పనుండదు గదా. ఆ పిల్ల పది రోజులూ చూసింది, పిల్లలు చాటుగా పిలుచుకునే పేర్లూ వింది. చెప్పు చూసి 'తారక్', దగ్గు విని 'సాహితి', కొమ్మ మీదనుంచి రాలిన జీడిపప్పు చూసి 'ఉప్మాలోంచి ఏరుకుని దాచుకునేది నువ్వే, నిఖిలేష్, దిగు' అంది. ఇద్దరు కవల పిల్లలు తికమకపెట్టాలని ఒకే కొమ్మ మీద కూర్చుంటే, గోళ్ళు కొరికేదెవరో చూసి విడదీసింది. పేరు వినగానే ఒక్కొక్కళ్ళే ముఖం విప్పార్చుకుని దిగి వస్తున్నారు. దొరికిపోయినందుకు అంత సంతోషించిన పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు. కొందరైతే తమవైపు ఆలస్యంగా వస్తోందని కావాలని తుమ్మారు.

ఆ పిల్ల తనవైపు రావడం చూసి పరిశీలనాధికారి కూడా ఎందుకో జీపు వెనక్కి నక్కాడు. ఆయన పేరు ఇందుజకు తెలియదు. ఆట రూలు ప్రకారం ఆయన ఇంకా దొరకనట్టే లెక్క. అప్పటినుంచి ఆయన ఆఫీసులో కూడా దొరకడం లేదని చెప్పుకుంటారు. బహుమతి సంగతి అందుకే తేలలేదు.

యాభై తొమ్మిది మందీ మైదానంలోకి చేరాక ఇందుజ షెడ్డులోకి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. డెబ్బై మూడేళ్ళ పరువు. గడ్డి ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ముసునూరి పున్నయ్యా, దొరికావు."

గడ్డి దులుపుకుంటూ లేచాను. "నా ఇంటిపేరు నీకెవరు చెప్పారే?"

"నీ క్యారియర్ గిన్నె మీద చెక్కుంది గదా. 'ముసునూరి పున్నయ్య' అని. రోజూ ఆవకాయ కింద కనపడేది." ఆ తర్వాత అనుమానంగా చూసింది. "నేను నిజంగా దొంగనే గదా తాతా? అరటిపండు దొంగను కాదుగా?"

"గజదొంగవి," అన్నాను.

నాలుగింటికి వాళ్ళమ్మ వచ్చేసరికి, గేటు దాకా పరుగెత్తి, "అమ్మా, నేను దొంగనయ్యాను," అని ఊరంతా వినపడేలా చెప్పింది. ఆవిడ కంగారుపడి అధికారుల వైపు చూసింది. వాళ్ళలో పదిమంది ఇంకా తోటలో అయిదో చెట్టు దగ్గర ముడి విప్పుకుంటున్నారు.

నా కథల్లో కల్పన ఎంతని మీరడుగుతారు, నాకు తెలుసు. చెట్టుకు బనీను కట్టిన మాట నిజం. గుండ్రటి సంతకాలు నిజం, ఆ కాగితం నా దగ్గరుంది. పన్నెండుమందికి ముడి పడింది నిజం. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు గడ్డివాములోంచి నన్ను వెతికి, పేరు పెట్టి పిలిచి లాగింది మా అమ్మ అన్నాను. ఎవరూ రాలేదు. ఆకలేసి నేనే ఇంటికెళ్ళాను. అందరి భోజనాలూ అయిపోయాయి. నేనింకా తినలేదన్న సంగతి ఎవరికీ తెలియదు.